మట్టి ఏనుగుకు ప్రాణం: శాలివాహన కథ, దక్కను మృణ్మయ జంతు శిల్పం

శాతవాహన శబ్దానికి అర్థమేమిటన్న చర్చ ఒక శతాబ్దికి పైగా సాగుతున్నది. శాసనాలను, నాణేలను ఆధారం చేసుకొన్న చరిత్రకారులు కథల్లోని వ్యుత్పత్తులను కల్పనలుగా భావించి పక్కన పెట్టారు. రాజవంశ చరిత్రను నిర్ధారించే పనిలో అది సమంజసమే. అయితే ఆ కల్పనలు ఎవరి ఊహలో, ఏ వస్తువులను చూసి పుట్టి ఉంటాయన్నది సాహిత్య పరిశోధన అడగవలసిన ప్రశ్న. ఈ పేరును వివరించే కథల్లో ముఖ్యమైనవి రెండూ జంతువుల చుట్టూ అల్లుకొన్నవే. ఒకదానిలో అడవి సింహం ఒక బాలుణ్ణి వీపున మోస్తుంది. రెండవదానిలో కుమ్మరి ఇంట పెరిగిన బాలుడు మట్టితో ఏనుగులను, గుర్రాలను చేసి తోటి పిల్లలకు వాహనాలుగా ఇస్తాడు. ఆ బొమ్మలే తరువాత ప్రాణం పోసుకొని యుద్ధం చేస్తాయి.

దక్కను పీఠభూమిలో శాతవాహన కాలపు స్థలాలను తవ్వినప్పుడు మట్టి జంతువులు విరివిగా బయటపడ్డాయి. సాధారణంగా వాటిని 'ఆటబొమ్మలు', 'మొక్కుబడి వస్తువులు' అన్న రెండు శీర్షికల కింద సర్దుతారు. శాలివాహన కథ వాటిని గురించి వేరే మాట చెబుతున్నది. ఆ కథనూ ఆ వస్తువులనూ ఎదురెదురుగా ఉంచి చూడడం ఈ వ్యాసం ఉద్దేశం. శాలివాహన వృత్తాంతాన్ని రాజు కథగానే కాక, మట్టి జంతువును గురించి జనం చేసిన వ్యాఖ్యానంగా కూడా చదవవచ్చునన్నది ఇక్కడి ప్రతిపాదన.

అడవి కథ: సింహం మోసిన బాలుడు

మొదటి కథ 11వ శతాబ్దిలో సోమదేవుడు రచించిన కథాసరిత్సాగరంలో ఉన్నది. సంతానం లేని దీపకర్ణి అనే రాజుకు, అడవిలో సింహంపై స్వారి చేసే బాలుణ్ణి కొడుకుగా స్వీకరించమని శివుడు కలలో చెబుతాడు. వేటకు వెళ్లిన రాజు ఒక సరస్సు దగ్గర ఆ బాలుణ్ణి చూస్తాడు. నీరు తాగడానికి వచ్చిన సింహం బాలుణ్ణి కిందికి దించగానే బాణం వేస్తాడు. సింహరూపం విడిచిన యక్షుడు తన పేరు సాతుడని, శాపవశాన ఈ రూపం పొందానని, తల్లి లేని ఈ పిల్లవాణ్ణి ఇతర సింహాల పాలతో పెంచానని చెబుతాడు. సాతుడు వాహనమైనందున బాలుడు సాతవాహనుడయ్యాడు.

ఈ కథలో రాజ్యాధికారానికి మూలం అడవి. క్రూరమృగం లొంగి మోసిన బిడ్డ కనుక అతడు రాజు కాదగినవాడు. అయితే అతణ్ణి పెంచిన మృగం రాజు బాణానికి గురై కథలోనుంచి తప్పుకొంటుంది. రాజసభకు చేరేది బాలుడు. అడవిలో మిగిలేది మృగం కళేబరం.

సోమదేవుని గ్రంథంలోనే ఈ సాతవాహనుని మంత్రి గుణాఢ్యుని వృత్తాంతం కూడా ఉన్నది. పందెంలో ఓడి సంస్కృతాన్ని, ప్రాకృతాన్ని, దేశభాషను విడిచిపెట్టిన గుణాఢ్యుడు వింధ్యాటవిలో తన రక్తంతో, పైశాచీ భాషలో, ఏడు లక్షల శ్లోకాల బృహత్కథను రాశాడు. రాజు దానిని తిరస్కరించాడు. గుణాఢ్యుడు ఒక్కొక్క పత్రాన్ని చదివి అగ్నిలో వేస్తుండగా జింకలు, పందులు, దున్నలు మేత మాని, చుట్టూ చేరి, కన్నీరు కారుస్తూ విన్నాయి. ఎండిపోయిన మాంసం తిని జబ్బుపడిన రాజు కారణం తెలుసుకొని పరుగున వచ్చేసరికి మిగిలినది ఒక లక్ష మాత్రమే.

రెండు కథలనూ కలిపి చూస్తే అడవి జంతువు రాజసాహిత్యంలో ఏ స్థానంలో ఉన్నదో తెలుస్తుంది. అది మోస్తుంది, వింటుంది, ఏడుస్తుంది. దాని శరీరం మాత్రం చివరకు బాణానికో వంటశాలకో చేరుతుంది. జంతువుల మంచితనాన్ని గుర్తించిన కథకుడు కూడా వాటిని వేట నుంచి తప్పించలేదు.

కుమ్మరి పాక కథ: వాహనాలిచ్చిన బాలుడు

రెండవ కథను 14వ శతాబ్దికి చెందిన జైనాచార్యుడు జినప్రభసూరి వివిధతీర్థకల్పంలోని ప్రతిష్ఠాన వర్ణనలో నమోదు చేశాడు. ఇద్దరు బ్రాహ్మణ సోదరులు, వితంతువైన వారి చెల్లెలు ప్రతిష్ఠానపురంలో, అంటే నేటి పైఠానులో, ఒక కుమ్మరి పాకలో బస చేస్తారు. గోదావరికి నీళ్లకు వెళ్లిన ఆమెను నాగరాజు శేషుడు మోహించి మానవరూపంలో కలుస్తాడు. గర్భం సంగతి తెలిసిన అన్నలు ఒకరినొకరు శంకించుకొని వెళ్లిపోతారు. కుమ్మరి పాకలో పెరిగిన పిల్లవాడు ఆటల్లో రాజై, తోటివారికి మట్టి ఏనుగులను, గుర్రాలను, రథాలను వాహనాలుగా పంచిపెడతాడు. 'సన్' ధాతువుకు ఇవ్వడమని అర్థం కనుక, వాహనాలిచ్చినవాడు సాతవాహనుడు అని జినప్రభుని వ్యుత్పత్తి. ఉజ్జయిని పాలకుడు విక్రముడు సైన్యాన్ని పంపినప్పుడు శేషుడిచ్చిన అమృతాన్ని చల్లగానే ఆ మట్టి బొమ్మలు లేచి శత్రువును తరిమాయి.

వ్యాకరణం దృష్టితో చూస్తే రెండు వ్యుత్పత్తులూ బలవంతపువే. కాని వాటి మధ్య తేడా గమనింపదగినది. మొదటిదానిలో రాజు వాహనాన్ని పొందినవాడు. రెండవదానిలో వాహనాన్ని ఇచ్చినవాడు. సహ్యాద్రిలోని నానాఘాట్ గుహలో నాగనికకు చెందినదిగా చెప్పే శాసనం సాతవాహనులు చేసిన అశ్వమేధాది యజ్ఞాలను, ఆ సందర్భంగా దక్షిణగా ఇచ్చిన గోవులను, గుర్రాలను, ఏనుగులను లెక్కగట్టి చెబుతున్నది. జంతువులను దానమిచ్చి రాజు తన రాజత్వాన్ని చాటుకొన్న ఆచారమిది. కుమ్మరి పాకలోని బాలుడు చేసినదీ దానమే. అతని దగ్గర ఉన్నది మట్టి మాత్రమే. నానాఘాట్ శాసనం జినప్రభునికి తెలుసునని అనవలసిన పని లేదు. దానం చేసేవాడే రాజు అన్న భావం రెండింటికీ ఉమ్మడి.

ఈ వృత్తాంతానికి మరొక శాఖ విక్రమార్క సింహాసన కథాచక్రంలో ఉన్నది. ఆ కథాచక్రాన్నే 15వ శతాబ్దిలో కొరవి గోపరాజు సింహాసన ద్వాత్రింశికగా తెలుగు చేశాడు. సంస్కృత పాఠాల్లో వచ్చే ఒక కథ ప్రకారం, ఒక వర్తకుడు నలుగురు కొడుకులకు నాలుగు పాత్రల్లో మన్ను, బొగ్గు, ఎముకలు, గడ్డి వాటాలుగా మిగిల్చి చనిపోతాడు. విక్రముని సభకు అంతుచిక్కని ఈ చిక్కును కుమ్మరి ఇంటి బాలుడు విప్పుతాడు: మన్ను అంటే పొలం, బొగ్గు అంటే లోహధనం, ఎముకలు అంటే పశువులు, గడ్డి అంటే ధాన్యం. ఆ తీర్పు విన్న విక్రముడు అతణ్ణి పిలిపించబోవడం, అతడు నిరాకరించడం, మట్టి సేన లేవడం తరువాతి ఘట్టాలు.

ఈ చిక్కును కుమ్మరి ఇంట పెరిగినవాడే విప్పడం యాదృచ్ఛికం కాకపోవచ్చు. మన్ను, గడ్డి, బొగ్గు కుమ్మరికి నిత్యం చేతిలో ఉండే వస్తువులు. మట్టి పగలకుండా పొట్టు, ఇసుక వంటివి కలపడం, ఆవాన్ని గడ్డితో కప్పడం, కాలిన తరువాత మిగిలిన బొగ్గును ఎత్తడం అతని వృత్తి. ఒక పదార్థం మరొక వస్తువుగా మారుతుందని సభాసదులకంటె అతనికి బాగా తెలుసు. కథ ఆ వృత్తిజ్ఞానాన్ని వివేకంగా గుర్తించింది.

నేలలో దొరికిన జంతువులు

సంగారెడ్డి జిల్లాలోని కొండాపూర్ దిబ్బను 1940ల తొలి సంవత్సరాల్లో నాటి హైదరాబాదు సంస్థాన పురావస్తు శాఖ తరఫున ఖ్వాజా మహమ్మద్ అహ్మద్ తవ్వించాడు. శాతవాహన నాణేలతో, పూసలతో పాటు పెద్ద సంఖ్యలో మట్టి బొమ్మలు దొరికాయి. స్త్రీ పురుష మూర్తులతో బాటు గుర్రాలు, ఏనుగులు, ఎద్దులు వాటిలో ఉన్నాయి. కేయోలిన్ అనే నున్నని తెల్లమట్టితో చేసి కాల్చిన బొమ్మలు ఈ స్థలానికి ప్రత్యేకతను తెచ్చాయి. మహారాష్ట్రలోని తేర్, అంటే ప్రాచీన తగర నగరం, ఇదే తరహా బొమ్మలకు ప్రసిద్ధి. పైఠాను, నెవాసాలలోనూ మృణ్మయ శిల్పాలు లభించాయి.

ఈ బొమ్మల్లో మేలైనవి జంట అచ్చుల్లో పోసినవి. మట్టిని పలుచని పలకగా చేసి రెండు అచ్చుల్లో అదుముతారు. రెండు సగాలు కొంత ఆరిన తరువాత పలుచని మట్టి పూతతో అతికి, అతుకును నునుపు చేస్తారు. లోపల బోలుగా ఉండడం వల్ల బొమ్మ తేలికగా ఉంటుంది, అన్ని వైపులా సమంగా కాలుతుంది. ఆవిరి, వేడిగాలి బయటికి పోవడానికి చిన్న రంధ్రం విడవాలి. లేకపోతే ఆవంలో పగిలిపోయే ప్రమాదముంది. ఏనుగు కడుపు బోలుగా ఉండాలన్నది శిల్పి ఇష్టాన్ని బట్టి కాక నిప్పు స్వభావాన్ని బట్టి ఏర్పడిన నియమం.

శాతవాహనుల పాలన సుమారుగా క్రీ.పూ. 1వ శతాబ్ది నుంచి క్రీ.శ. 3వ శతాబ్ది తొలి భాగం వరకు సాగింది. జినప్రభుని రచన 14వ శతాబ్దిది. మధ్యలో వెయ్యేళ్లకు పైగా ఎడమున్నది. కనుక కథను శాతవాహన కాలపు సాక్ష్యంగా తీసుకోరాదు. అయితే ఆ ఎడమే ఒక ఊహకు తావిస్తున్నది. ప్రతిష్ఠానం వంటి ఊళ్లు పాత దిబ్బల మీదనే నిలిచాయి. వాన కడిగినప్పుడు, పొలం దున్నినప్పుడు, పునాది తీసినప్పుడు కాల్చిన మట్టి ముక్కలు బయటపడడం అటువంటి చోట్ల సహజం. పూర్వం ఇక్కడ ఒక మహారాజు ఉండేవాడని విన్న జనానికి నేలలో మట్టి గుర్రాలు, మట్టి ఏనుగులు దొరికితే వాటిని ఆ రాజు సేనగా భావించడంలో వింత లేదు. ఇది ఊహే. కాని సాధ్యమైన ఊహ. దీన్ని అంగీకరిస్తే శాలివాహన కథ పురావస్తు శాఖలు ఏర్పడడానికి ఎన్నో శతాబ్దాల ముందే జనం చేసిన పురావస్తు వివరణ అవుతుంది.

'ఆటబొమ్మ' అన్న మాట

ఆటబొమ్మలు ఉండేవి కావని ఎవరూ అనలేరు. దేశంలోని తొలి చారిత్రక స్థలాల్లో కాళ్లకు ఇరుసు తొడిగే రంధ్రాలున్న జంతువులు దొరికాయి. అవి చక్రాలపై లాగిన బొమ్మలే. శూద్రకుని మృచ్ఛకటికంలో బంగారు బండి కావాలని ఏడ్చే బాలుడి మట్టిబండి నాటకానికే పేరయింది. వసంతసేన ఆ బండిని తన నగలతో నింపుతుంది. అవే నగలు తరువాత న్యాయస్థానంలో చారుదత్తుని మెడకు చుట్టుకొంటాయి. ఆటవస్తువు పెద్దల జీవితంలోకి ఎంత దూరం రాగలదో ఆ నాటకం చూపింది.

శాలివాహన కథ కూడా ఆటతోనే మొదలవుతుంది. పిల్లలు రాజు ఆట ఆడారు, మట్టి వాహనాలెక్కారు. కాని కథ అక్కడ ఆగదు. ఆపద వచ్చిన రోజున అవే బొమ్మలు ఊరిని కాస్తాయి. కథకుని దృష్టిలో ఆటబొమ్మ, కావలిబొమ్మ రెండు వేర్వేరు వస్తువులు కావు; ఒకే వస్తువు తాలూకు రెండు దశలు. మ్యూజియం శీర్షికలు ఈ రెంటినీ విడదీశాయి. ఆట అనగానే అల్పం, మొక్కు అనగానే మతం అన్న విభజన వస్తువు నుంచి వచ్చినది కాదు; దాన్ని వర్గీకరించినవారి అలవాటు నుంచి వచ్చినది.

అందుకని శీర్షికకంటె ముందు బొమ్మ శరీరాన్ని చదవడం మేలు. కాలిలో రంధ్రముంటే ఇరుసుకు. వీపు మీదనో మెడ దగ్గరనో చిన్న రంధ్రముంటే దారానికి కావచ్చు. కడుపు కింద ఉంటే ఆవిరికి. నిలబడే ఆధారం ఉన్నదా, ఒక వైపే అలంకారం ఉన్నదా, గుర్రానికి జీను, కళ్లెం ఉన్నాయా అన్నవి చూడాలి. జీను ఉండి రౌతు లేని గుర్రం ఎవరికోసమో ఎదురుచూస్తున్న వాహనం. కథలోని పిల్లవాడు పంచినవీ అటువంటివే.

పచ్చిమట్టి, కాల్చిన మట్టి

కథలో మరొక సూక్ష్మమున్నది. బొమ్మలకు ప్రాణం వచ్చినది అమృతం చల్లినందువల్ల. కాల్చని మట్టిమీద ద్రవం పడితే బొమ్మ కరుగుతుందని ప్రతి కుమ్మరికీ తెలుసు. బొమ్మను నాశనం చేయవలసిన తడి దానికి ప్రాణం పోయడమే ఈ కథలోని అద్భుతం. వృత్తి తెలిసినవారికి ఈ అద్భుతం ఇతరులకంటె ఎక్కువగా తోస్తుంది.

మట్టి జంతువుల ఆచారాలు ఈ రెండు స్థితులనూ వాడుకొన్నాయి. ఉత్తర కర్ణాటకలోనూ, ఆ సరిహద్దున ఉన్న తెలుగు గ్రామాల్లోనూ జ్యేష్ఠ అమావాస్యనాడు పచ్చిమట్టితో ఎద్దులను చేసి పూజిస్తారు. వానకాలపు సేద్యం మొదలయ్యే వేళ అది. ఆ ఎద్దులను కాల్చరు. అవి తిరిగి మట్టిలోనో నీటిలోనో కలవాలి. తెలుగు గ్రామదేవతల జాతరల్లో కుమ్మరి చేసిన మట్టిమూర్తిని ఉత్సవాంతంలో పొలిమేరకు చేర్చి విడిచిపెట్టే ఆచారాన్ని 20వ శతాబ్ది తొలి దశకాల్లో హెన్రీ వైట్‌హెడ్ నమోదు చేశాడు. అదే మూర్తిని చేసిన కుమ్మరి కొన్నిచోట్ల పూజారి కూడా.

తమిళనాట అయ్యనార్ గుడుల ముందు నిలిచే గుర్రాలు, ఏనుగులు దీనికి భిన్నం. వాటిని కాలుస్తారు. కొన్ని మనిషి ఎత్తును మించుతాయి. కాళ్లను, మొండేన్ని, మెడను బోలు భాగాలుగా చేసి కలుపుతారు. అయ్యనార్ రాత్రివేళ ఈ గుర్రాలపై ఊరి పొలిమేర చుట్టూ తిరిగి కావలి కాస్తాడని విశ్వాసం. మొక్కు తీరినవారు కొత్త గుర్రాన్ని సమర్పిస్తారు. పాతవి ఎండకూ వానకూ శిథిలమవుతూ చెట్లకింద అక్కడే ఉంటాయి. రౌతు లేని మట్టి గుర్రం ఊరికి కావలి కాయడం శాలివాహన కథలోనూ ఉన్న భావమే. ఒకటి మరొకదానినుంచి పుట్టిందని చెప్పడానికి ఆధారం లేదు. దక్షిణాదిన మట్టి జంతువుకు కావలి పని అప్పగించిన ఆలోచన విస్తృతమైనదని మాత్రం ఈ పోలిక చూపుతున్నది.

ఇక్కడ గుణాఢ్యుని అగ్నిగుండాన్ని మళ్లీ తలచుకోవాలి. అడవి కథలో నిప్పు ఆరు లక్షల శ్లోకాలను మింగింది. కుమ్మరి ఆవంలో నిప్పు మట్టిని రాయిలా చేసి రెండువేల ఏళ్లు నిలిపింది. బృహత్కథ మూలపాఠం మనకు దక్కలేదు. అదే వంశం పేరుతో ముడిపడిన కాలపు ఏనుగు, గుర్రం దక్కాయి. పత్రం మీది కథను పోగొట్టుకొన్నందుకు సాహిత్య చరిత్ర ఎంతగానో విచారించింది. దక్కిన మట్టిని మాత్రం తన పరిధిలోని వస్తువుగా అంతగా తలచలేదు.

పేరు నిలుపుకొన్నవారు

క్రీ.శ. 78లో మొదలయ్యే శకానికి తొలి శాసనాలు శాలివాహనుని పేరు పెట్టలేదు. శక సంవత్సరమనే చెప్పాయి. ఆ పేరు మధ్యయుగాల్లో చేరి, విజయనగర శాసనాల కాలానికి బాగా స్థిరపడింది. నేటికీ ఉగాదినాడు పంచాంగ శ్రవణంలో శాలివాహన శకం వినబడుతుంది. చారిత్రకంగా ఆ శకాన్ని శాతవాహనులు స్థాపించలేదు. అయినా కుమ్మరి పాకలో పెరిగిన కథానాయకుని పేరుతో దక్షిణాది కాలాన్ని లెక్కించుకొన్నది.

ఆ పేరును తమదిగా నిలుపుకొన్నవారు కుమ్మరులు. తెలుగు రాష్ట్రాల వెనుకబడిన తరగతుల జాబితాలో కుమ్మర, కులాల అన్న పేర్లతోబాటు శాలివాహన అన్న పేరూ నమోదైంది. రాజవంశంతో రక్తసంబంధాన్ని నిరూపించే దావాగా చూస్తే దీనికి ఆధారాలు దొరకవు. కాని ఆ పేరు వెనుక ఉన్న వాదం రక్తానిది మాత్రమే కాదు, పనిది. రాజ్యం నిలిచింది మట్టికి రూపమిచ్చిన చేతివల్ల అన్నది కథ చెప్పిన మాట. ఆ మాటనే వారు పేరుగా ధరించారు.

తెలుగు సాహిత్యంలో ఈ ధోరణికి తోడు నిలిచే కథలున్నాయి. పాల్కురికి సోమనాథుని బసవపురాణంలో కుమ్మర గుండయ్య కుండ వాయించి ఆడగా శివుడే వచ్చి ఆడతాడు. తిరుమల స్థలకథలో తొండమాన్ చక్రవర్తి బంగారు పూల స్థానంలో కుమ్మరి భీముడు తన ఇంట అర్పించిన మట్టిపూలు స్వామి పాదాల దగ్గర కనిపిస్తాయి. రామాయణ కర్త్రి మొల్లను లోకం కుమ్మర మొల్లగానే తలచుకొంటున్నది. మట్టిపని చేసే చేతికి దైవమో రాజ్యమో కావ్యమో బదులు పలికిందని చెప్పడం వీటన్నిటికీ సమానం. శాలివాహన కథ వీటిలో ఒకటిగా చదివినప్పుడు దాని అర్థం మరింత విశదమవుతుంది.

ముగింపు

అడవి కథ రాజుకు జంతువును వాహనంగా ఇచ్చి, ఆ జంతువును చంపింది. కుమ్మరి కథ జంతువును మట్టితో చేసి, దానికి ప్రాణం పోసింది. మొదటిది రాజసభకు చేరిన కథ. రెండవది పాకలో మొదలై ఊరి రక్షణ దాకా సాగిన కథ. రెండవదానిని నమ్మదగని వ్యుత్పత్తిగా కొట్టివేస్తే శాతవాహన చరిత్రకు పెద్ద నష్టం లేదు. మట్టి జంతువును దాని సమాజం ఎలా అర్థం చేసుకొన్నదో చెప్పే అరుదైన సాక్ష్యాన్ని మాత్రం పోగొట్టుకొంటాం.

ప్రస్తుతం కుమ్మరుల పనిలో కుండకే గిరాకీ తగ్గింది. మొక్కుబడి గుర్రం, అమావాస్య ఎద్దు చేసే చేతులు ఇంకా తక్కువ. బొమ్మ ఎలా చేస్తారో నమోదు చేసేవారు కథ అడగడం లేదు. కథ సేకరించేవారు బొమ్మలోని రంధ్రం ఎందుకని అడగడం లేదు. ఈ రెండు ప్రశ్నలనూ ఒకే మనిషిని, ఒకే పూట, పని జరుగుతున్న చోట అడగాలి. జానపద సాహిత్య సేకరణలో వస్తు నిర్మాణానికి, పురావస్తు పట్టికల్లో స్థానిక కథనానికి చోటు కల్పించాలి. అప్పుడు కొండాపూర్ గుర్రం పక్కన ఉండవలసిన వివరణ 'ఆటబొమ్మ' అన్న ఒక్క మాటతో ముగియదు.